పాతర గాలి

మొన్న మా మనవరాలు కాలేజీ పిల్లలతో కలిసి నా పుట్టినూరి పాటిగడ్డకు పోయి వచ్చింది. అక్కడ దారాలు కట్టి, చదరంగా గుంటలు తీసి, కుంచెలతో మన్ను ఊడుస్తున్నారట. వచ్చేటప్పుడు చేతిలో ఒక అచ్చు కాగితం తెచ్చింది. నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే గడప మీద కూర్చుని చదివి వినిపించింది. అది మధ్యయుగం నాటి ఊరట, ఎందుకు ఖాళీ అయిందో ఎవరికీ తెలియదట. ఇళ్ల పునాదులు, పొయ్యిగడ్డలు, గాజుముక్కలు దొరికాయట. రాతితో కట్టిన ఒక ధాన్యపు పాతర కూడా ఉందట. చివరన ఒక వాక్యం రాశారు. యజమానికి తెలియకుండా నిధి కోసం ఈ పాతరలో దిగిన ఒక జీతగాడు ప్రాణం పోగొట్టుకున్నాడని స్థానికులు చెబుతారు అని.

“ఆ ముక్క మళ్లొకసారి చదువు,” అన్నాను.

చదివింది. చింతపండు పిసికే చేయి ఆగిపోయింది. ఆ స్థానికుల్లో నేనూ ఒకతెను మరి! ఆ మాట అబద్ధమని తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అరవై ఏండ్లుగా నా నోట్లో నానుతున్న మాట అది. ఛీ, ఇంతకాలం ఎట్లా దాచుకున్నానో నాకే అర్థం కాదు.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ పోయే తోవలో లోపలికి ఉండేది. చలికాలమంతా షుగర్ ఫ్యాక్టరీ దిక్కు నుంచి చెరుకు పాకం మడ్డి వాసన వచ్చేది. చలి తగ్గేసరికి కడాయిల్లో పసుపు ఉడికే వాసన. ఎండలు ముదిరాక పాటిమన్ను వాసన. ఊరికి ఉత్తరాన అర మైలు దూరంలో ఒక పాడుబడ్డ ఊరి దిబ్బ ఉండేది, అదే పాటిగడ్డ. మనుషులు తరతరాలు బతికిన చోటు కదా, బూడిదా పేడా ఎముకలూ కలిసి అక్కడి మన్ను నల్లగా, పిండిలా మెత్తగా ఉంటుంది. ఆ మన్ను పడితే చెరుకు మణికట్టు లావున ఊరుతుందని, పంట కోసి చేను ఖాళీ అయ్యాక అందరూ బండ్లు కట్టి తోలుకునేవాళ్లు. ఎవరివో పొయ్యిలు, ఎవరివో కొట్టాలు మా చెరుకు గడల్లోకి ఎక్కేవి. ఆ చెరుకే మేము కసకసా నమిలేవాళ్లం.

మొదటి గంప ఎత్తే ముందు మా బాపమ్మ, అంటే బాపు అని మేము పిలిచే నాన్నను కన్నతల్లి, అక్కడికి నడిచి వచ్చేది. చెంబెడు పసుపు నీళ్లు పోసి, ఎదురుగా ఎవరో నిలబడి వింటున్నట్టు చెప్పేది.

“మీ మన్ను మీకు అక్కరకు లేకపాయె, మాకు అక్కరున్నది. తీస్కపోతున్నం. మన్ను దప్ప ఇంకేం ముట్టం.”

ఆ మాట ప్రకారమే తవ్వుతుంటే రోలు దొరికినా, తిరగలి రాయి దొరికినా ఎవరూ ఇంటికి తెచ్చుకునేవాళ్లు కాదు. దిబ్బ అంచున పెట్టి వచ్చేవాళ్లు. ఎన్నో రోళ్లు అక్కడ వరసగా బోర్లించి ఉండేవి. సాయంత్రం పూట నేను అటు చూసేదాన్ని కాదు.

“వాళ్లంత ఎటు పోయిండ్రు బాపమ్మా?” అని అడిగాను ఒకసారి, జొన్నరొట్టెలో పచ్చిపులుసు ముంచుకుంటూ.

“గత్తర రోగమొచ్చిందంటరు, దండొచ్చి దోసిందంటరు. పోయినోళ్లకే తెల్వాలె. తిను జల్ది.”

నాకు ఒకే ఒక దోస్తు. మా ఇంట్లో జీతం ఉన్న, అంటే ఏడాది కూలికి పనిచేసే మనిషి బిడ్డ. వాళ్లు క్రైస్తవులు. ఆదివారం పొద్దున్నే ఉతికిన బట్టలు కట్టుకుని రెండు మైళ్లు నడిచి ప్రార్థనకు పోయేవాళ్లు. ఆ మనిషిని నేను మామ అని పిలిచేదాన్ని. పొడుగ్గా, నల్లగా ఉండేవాడు, మాట తక్కువ. మా ఎడ్లు మా బాపు అదిలింపుకు కదిలేవి కావు కానీ, మామ నాలుకతో టక్ టక్ అంటే చాలు, కాడి కిందికి మెడ వంచేవి. ఆ చప్పుడు ఆయన బిడ్డకు కూడా వచ్చు. నేనెంత నేర్చుకున్నా నా నోట పలికేది కాదు.

మేమిద్దరం చేయని తుంటరి పని లేదు. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజేవాళ్లం. బండి మనిషి కట్టె పట్టుకుని దిగితే పసుపు చేన్లో పడి దాక్కునేవాళ్లం. వాన పడితే పాటిగడ్డ మీదికి పోయి, కడిగినట్టు పైకి తేలిన పూసలు ఏరేవాళ్లం. ఎర్రవి, నీలివి, ఆవగింజంత చిన్నవి. మన్ను తప్ప ఏమీ ముట్టొద్దన్న మాట మాకు వర్తించదని మా ధీమా.

అట్లా ఏరుతుండగానే ఒకరోజు తంగేడు పొద కింద ఒక బండ, దాని పక్కన పిడికిలంత బొక్క కనబడ్డాయి. గులకరాయి వేస్తే కొంచెం ఆలస్యంగా చప్పుడు వినబడింది. మా పేర్లు పెట్టి అరిస్తే మా పేర్లే తిరిగి వచ్చాయి. చేయి పెడితే లోపల చల్లగా ఉంది.

“ఎవ్వలకు జెప్పకే. జెప్పితె తవ్వుతరు,” అంది నా దోస్తు. “సదువు మీద ఒట్టెయ్యి.”

పలక మీద చేయి పెట్టి ఒట్టేశాను. ఆ వేసవంతా అది మా ఇద్దరి సొత్తు.

ఇక్కడ మా ఇంటి పాతర సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది తలకెక్కదు. మా వాకిట్లో నేలలో తవ్విన పాతర ఉండేది. ఏడాది జొన్నలు అందులో పోసి, గడ్డి పరిచి, మన్నుతో మూసేవాళ్లు. తెరిచిన రోజు ఎవరూ దిగరు. ఒక రోజు గాలి పట్టనిచ్చి, మర్నాడు గంపలో దీపం పెట్టి తాడుతో దించుతారు. దీపం నిలిస్తే మనిషి దిగాలి. ఆరితే పాతర గాలి, అంటే లోపల పేరుకున్న చెడుగాలి, ఇంకా పోలేదని లెక్క, మళ్లీ మర్నాడే. ఆ దీపం దించే పని మా ఇంట్లో నాది. బాపమ్మ నా చేత ఆ నియమం ఎక్కంలా అప్పజెప్పించేది.

మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, చెడ్డవాడు కాదు. నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడు. కానీ సిరికొండ అడవుల్లో ఎవరికో లంకెబిందెలు దొరికాయని విన్నప్పటి నుంచి ఆయన ధ్యాసంతా దాని మీదే. గడ్డపార దిగిన చోటల్లా చెవి పెట్టి వినేవాడు. ఒకరోజు మన్ను బండి మీద కూర్చుని నేను నా పూసలు చూపిస్తే పగలబడి నవ్వాడు.

“ఓసి పిచ్చిదానా, గీ పూసలకే గింత మురిసిపోతున్నవా? గడ్డ మీద దొరికేటియి గియ్యేనా?”

నాకు పౌరుషం వచ్చింది. నా నోరు పడ, బొక్క సంగతి చెప్పేశాను. రాయి వేస్తే ఎంతసేపటికి చప్పుడు వస్తుందో కూడా లెక్కపెట్టి చూపించాను. చిన్నబాపు నవ్వడం ఆపేశాడు. ఆ తర్వాత పది రోజులు నాతో ఎంత ప్రేమగా ఉన్నాడో! సాయంత్రం బోధన్ నుంచి వస్తే నాకు మిఠాయి పొట్లం ఉండేది. నా దోస్తుతో పంచుకుంటూ, ఎందుకిచ్చాడో చెప్పలేదు.

మొహర్రం చివర పీర్లు వాగుకు పోయే రోజు వచ్చింది. మా ఊళ్లో పీర్ల పండుగకు ఇంటింటా మలీద చేసేవాళ్లు. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి కట్టిన ముద్దలు. ఊరంతా పీర్ల వెంట డప్పులతో కదిలింది. బాపమ్మ, బాపు కూడా వెళ్లారు. మిట్టమధ్యాహ్నం చిన్నబాపు బండి కట్టించి నన్ను ఎక్కించుకున్నాడు. మన్నుకే అనుకుని మామ బండి తోలాడు. బండిలో బావి నీళ్లు తోడే మోట తాడు, గడ్డపార, దీపం, ఒక ఖాళీ గంప, మూత పెట్టిన ఇంకో గంప ఉన్నాయి. మూత ఉన్న గంపలో ఏదో కదులుతోంది.

తంగేడు పొద దగ్గరికి రాగానే ఎడ్లు ఆగిపోయాయి. మామ ఎంత టక్ టక్ అన్నా అడుగు వేయలేదు. దిగి నడిచాం. చిన్నబాపు, మామ కలిసి గడ్డపారతో బండను పక్కకు నెట్టారు. కింద గుండ్రని నోరు, చుట్టూ చెక్కిన రాళ్లు.

“సూసినవారా? చెక్కిన రాయి! జొన్నలకు ఎవడన్న చెక్కిన రాయి పెడ్తడా?” అన్నాడు చిన్నబాపు.

దీపం దించమని నాకే ఇచ్చాడు. గంప నిలువు లోతుకు పోకముందే దీపం ఆరింది. గాలి తగిలి రెపరెపలాడి ఆరినట్టు కాదు, ఎవరో రెండు వేళ్లతో ఒత్తినట్టు ఆరింది. మళ్లీ ముట్టించాం, మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

“పటేలా, గది పాతర గాలి. తెరిసి పెట్టి రేపు వద్దం,” అన్నాడు మామ. మా ఇంటి మగవాళ్లను ఆయన పటేలా అనే పిలిచేవాడు.

“రేపు ఊరంత ఈడనే ఉంటది. ఇయ్యాల పీర్ల దిక్కు పోయిండ్రు గన్క నడుస్తున్నది. గాలి గాదురా, అండ్ల బిందెలకు కావలి భూతమున్నది. దానిది దానికియ్యాలె.”

రెండో గంప మూత తీశాడు. నల్లకోడి. కాళ్లు కట్టి, పసుపు కుంకుమ చల్లి, బతికున్న కోడినే గంపలో పెట్టి లోపలికి దించాడు. కోడి ఒకసారి కొట్టుకుంది. తర్వాత చప్పుడు లేదు. కాసేపాగి పైకి లాగితే తల వేలాడేసి ఉంది. చుక్క నెత్తురు లేదు, ఎక్కడా గాయం లేదు.

మామ మొహం మాడిపోయింది. చిన్నబాపు మొహం వెలిగిపోయింది.

“తీస్కున్నది! ఒప్పుకున్నది! పాతరల దీపం ఆరుతది, గది నాకు ఎర్కనే. పాతరల కోడి సస్తదారా ఎన్నడన్న?”

పాతరలోకి కోడిని ఎవరు దించి చూశారు కనుక!

“కోడి సచ్చిన తాన మనిషెట్ల బతుకుతడు పటేలా? నీకు దండం పెడ్త, ఒక్కరోజు ఆగు.”

“నీ దేవుడు వేరు, ఊకో నువ్వు.”

అప్పుడైనా నేను గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది. “చిన్నబాపూ, దీపం ఆరితె దిగద్దని బాపమ్మ...” అన్నానో లేదో, “నోరు మూస్కో, అపశకునం మాటలు మాట్లాడకు,” అని కసిరాడు. మూసుకున్నాను. చెప్పకూడని రోజు వాగి, చెప్పాల్సిన రోజు మూసుకున్న నోరు నాది.

అదే సమయానికి తండ్రికి సద్ది పట్టుకుని నా దోస్తు గడ్డ ఎక్కి వచ్చింది. తెరిచిన బండను చూసింది, నన్ను చూసింది.

“జెప్పినవా?” అంది. అంతే అంది.

పై కొస మామ పట్టుకుంటే చిన్నబాపు మోట తాడు పట్టుకుని దిగాడు. “మెట్ల లెక్క రాళ్లున్నయి రా!” అని సంబరంగా అరిచాడు. తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు. మామ పిలిచాడు, నేను పిలిచాను. మా పిలుపులే తిరిగి వచ్చాయి.

మామ రుమాలు నీళ్లలో ముంచి ముక్కుకు కట్టుకున్నాడు. ఎడ్లను విప్పి దూరంగా నిలిపి, తాడు కొస కాడికి కట్టాడు. మా ఎడ్లు మోట తోలిన ఎడ్లు, తాడు గుంజడం వాటికి కొత్త కాదు.

“నేను మూడుసార్లు గుంజుత. గుంజంగనే తోలుండ్రి. ఎనకకు సూడద్దు.”

“బాపూ వద్దు, వద్దు బాపూ,” అని నా దోస్తు ఆయన అంగీ పట్టుకుంది.

“పటేలు లోపటున్నడు బిడ్డా. ఇప్పుడే వస్త,” అని ఆ చేయి విడిపించుకున్నాడు. రొమ్ము నిండా గాలి పీల్చి దిగాడు.

తాడు మూడుసార్లు కదిలింది. నేను ముల్లుకర్ర పెట్టి పొడిచినా ఎడ్లు కదల్లేదు. నా దోస్తు ఏడుస్తూనే టక్ టక్ అంది. తండ్రి చప్పుడే. ఎడ్లు నడిచాయి. వాగు దిక్కు డప్పులు మోగుతున్నాయి. చిన్నబాపు నడుముకు తాడు కట్టి ఉంది, పాతర నోటి దగ్గరికి రాగానే ఇద్దరం రెక్కలు పట్టి ఈడ్చాం. మొహం నీలంగా ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది.

తాడు విప్పి మళ్లీ లోపలికి వేశాం. మూడు గుంజుల కోసం చూశాం. రాలేదు. నా దోస్తు బోర్లా పడుకుని “బాపూ, తాడు పట్టుకో బాపూ,” అని పిలుస్తూ తాడును అటూ ఇటూ ఆడించింది. దాని అరచేతులు చీరుకుపోయాయి. అది ఎక్కడ దూకుతుందోనని నేను దాని కాళ్లు పట్టుకున్నాను. “ఉరుకు, ఊరోళ్లను దేపో!” అని అది నన్ను తంతే అప్పుడు లేచి పరిగెత్తాను. పీర్లు వాగులో దిగుతున్నాయి. నా అరుపు డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. ఒక డప్పు మీద పడి దాన్ని ఆపాను.

కొక్కేలు వేసి మామను పైకి తీసేసరికి పొద్దు గూకుతోంది.

కేసు రాసుకోవడానికి ఊరి పోలీస్ పటేల్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. చిన్నబాపు మంచంలో ఉన్నాడు, నోట మాట లేదు. జరిగింది నేను బాపుకు చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా. బాపు అంతా విన్నాడు. తర్వాత బయటికి పోయి అందరి ముందు ఇంకో కథ చెప్పాడు.

“జీతగాడు ఆశపడి దిగిండు. మా తమ్ముడు వాన్ని కాపాడబోయి పడ్డడు. పొల్ల సూసింది. గంతేనా బిడ్డా?”

నా దోస్తు ఎదురుగా, వాళ్లమ్మ పక్కన నిలబడి ఉంది. చేతులకు పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి. నా కళ్లలోకే చూసింది. బాపు చేయి నా భుజం మీద ఉంది, గట్టిగా కూడా పట్టుకోలేదు. నేను తల ఊపాను.

అది నోరు తెరిచింది. “అబద్ధం! మా బాపు...” అనబోతే వాళ్లమ్మ నోటికి చేయి అడ్డం పెట్టింది. మా అరుగు కింద బతికేవాళ్లు మరి, ఏం చేస్తుంది ఆ తల్లి!

బాపమ్మ మాత్రం గంపను చూసింది, ఆరిన దీపాన్ని, చచ్చిన కోడిని చూసింది. మంచం దగ్గరికి వచ్చింది.

“ఇంట్ల దీపమారితె పాతర గాలంటివి. ఆడ ఆరితె కావలంటివి. రెండు ఒక్కటే గదరా కొడుకా!” అని నెత్తి కొట్టుకుంది. అబద్ధం ఆమెకు తెలుసు. ఇంటి పరువు కోసం ఆమె కూడా బయట నోరెత్తలేదు. ఆ ఏడాది నుంచి పాటిగడ్డకు పసుపు నీళ్లు పట్టుకుని పోవడం మానేసింది. ఏ మొహంతో పోవాలె అనేది.

నెలలోపే తల్లీబిడ్డలు నిజామాబాద్ పోయారు. చిన్నబాపు లేచి తిరిగాడు కానీ నవ్వు పోయింది. అన్న చెప్పిన కథను ఆయన ఔననలేదు, కాదనలేదు. అది ఊళ్లో తిరిగి తిరిగి నిజమై కూర్చుంది.

చాలా ఏండ్లకు నా మొదటి కాన్పు నిజామాబాద్ దవాఖానలో అయింది. తెల్ల బట్టల్లో ఒక నర్సు నా బిడ్డను తుడిచి నా పక్కలో పెట్టింది. అరచేతిలో అడ్డంగా తెల్లటి గీత. చూడగానే నా దోస్తని పోల్చుకున్నాను. అది పసిదాని గుడ్డ సర్దుతూ మెల్లగా అడిగింది.

“ఏముండె అండ్ల?”

“జొన్నలు,” అన్నాను. “గాలి పట్టినంక దిగి సూసిండ్రు. నల్లగయి, ముట్టుకుంటె బూడిదైనయి. ఇంకేం లేకుండె.”

అది గుడ్డ కొస పసిదాని కింద చెక్కింది. “మళ్లొచ్చి తింటమని పెట్టుకున్నరేమో పాపం,” అంది. ఆ తర్వాత పక్క మంచం దగ్గరికి పోయింది. తప్పయిందే అని ఒక్క మాట అనడానికి నాకు మూడు రోజులు దొరికాయి. అనలేదు. నాలుగేండ్ల కింద అది పోయిందని విన్నాను.

మనవరాలు కాగితం మడిచే లోపల చేయి పట్టుకున్నాను. “రేపు నన్ను ఆడికి తోల్కపో,” అన్నాను.

ఆటోలో పోయాం. గడ్డ సగం కూడా లేదు, బండ్లకూ ట్రాక్టర్లకూ కరిగిపోయింది. పాతర నోటి మీద నీలం పట్టా కప్పి ఉంది. టోపీ పెట్టుకున్న ఒక పిల్ల, తవ్వకానికి పెద్దదట, నాకు కుర్చీ వేసింది. దీపం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాను. ఆ పిల్ల రాయడం ఆపి వింటూ ఉండిపోయింది.

“జీతగాడని రాసిండ్రు బిడ్డా. ఆయనకు పేరున్నది,” అన్నాను.

“చెప్పండి అవ్వా,” అని పెన్ను తీసింది.

ఇంటిపేరుతో సహా చెప్పాను. రాసుకుంది. ఒకసారి పైకి చదవమని అడిగి విన్నాను, తప్పు లేదు. దిగినవాడి పేరు అడిగింది, మా చిన్నబాపు పేరు చెప్పాను. అబద్ధం చెప్పినవాడి పేరు అడిగింది. అదీ చెప్పాను, బాపు పేరు.

పుస్తకం మూయబోయింది. నేను ఆపాను.

“ఇంకొకటున్నది, రాస్కో బిడ్డా. తలూపిన పిల్ల పేరు,” అన్నాను.